మంచులో నీరెంత? విశాఖలో చేసుకున్న మంచు గొట్టం: ప్రాజెక్టు డైరీ

మే చివర్లో హిమాచల్ కొండలకు వెళ్లే ట్రెక్కింగ్ బృందాలు మన విశాఖలో చాలానే ఉన్నాయి. వెళ్లే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "పైన ఇంకా ఎంత మంచుంది?" జవాబు ఎప్పుడూ అడుగుల్లోనే వస్తుంది. నాలుగడుగులు, మోకాలి లోతు, నడుం లోతు. వేసవి ముదిరాక ఆ లోతును బట్టి తెలిసేది చాలా తక్కువ. జనవరిలో కురిసిన నాలుగడుగుల కొత్త మంచులో ఉండే నీరు, మే నెలలో మిగిలిన అడుగు మంచులోనూ ఉండొచ్చు. వాగులో నీరు ఎప్పుడు పెరుగుతుంది, వాగు మీది మంచు వంతెన ఎన్నాళ్లు నిలుస్తుంది, దారి ఎప్పుడు తేలుతుంది అన్నవి లోతు కంటే బరువు మీదే ఎక్కువ ఆధారపడతాయి.

కాఠ్‌మాండూలోని ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం హిందూకుష్-హిమాలయ ప్రాంతంలో ఆ నవంబరు-మార్చి కాలంలో నేలమీద మంచు నిలిచిన తీరు మామూలు కంటే 23.6 శాతం తక్కువ. 23 ఏళ్లలో అదే అతి తక్కువ. అయితే అది మంచు ఎన్నాళ్లు నేలను కప్పి ఉందన్న లెక్క. ఆ మంచు లోపల ఎంత నీరుందో అందులో తెలియదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు పైకెక్కి తూచాల్సిందే. తూచడానికి మేం చేసుకున్న పరికరం, దాంతో పాటు ఉపగ్రహ చిత్రాలనీ ఫోర్‌కాస్టునీ ఎలా చదివామన్నదీ ఈ డైరీలో రాస్తున్నాను. కావలసినవారు ఇలాగే చేసుకోవచ్చు.

దశ 1: గొట్టం

పద్ధతి పాతదే. అమెరికాలో నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ పాఠాలు చెప్పే జేమ్స్ చర్చ్ అనే ఆచార్యుడు 1900ల మొదట్లో మౌంట్ రోజ్ కొండమీద మంచులోకి గొట్టం దింపి, లోపల చిక్కిన మంచును తూచాడు. తర్వాత వచ్చిన ఫెడరల్ శాంప్లర్ అనే గొట్టానికి కోత అంచు వ్యాసం 1.485 అంగుళాలు. అంత కచ్చితమైన కొలత ఎందుకంటే, ఆ వ్యాసంతో గొట్టంలో చిక్కిన ఒక ఔన్సు మంచు, కరిగితే సరిగ్గా ఒక అంగుళం లోతు నీటికి సమానం. కొండమీద చలిలో కాగితం, కలం అక్కర్లేకుండా తూకమే జవాబు చెబుతుంది.

మేం అదే ఉపాయాన్ని గ్రాములకూ మిల్లీమీటర్లకూ మార్చుకున్నాం.

1. 75 మి.మీ. పీవీసీ నీళ్ల పైపు. లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 72 మి.మీ.
2. పైపు కింది చివర ఉక్కు కటర్ రింగు. దాని లోపలి వ్యాసం 71.4 మి.మీ.
3. కటర్ నోటి వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి 4 గ్రాముల మంచు అంటే 1 మి.మీ. నీరు.
4. పైపు 60 సెం.మీ. ముక్కలు మూడు. రక్‌సాక్‌లో పట్టాలి, రైల్లో బెర్తు కిందికి వెళ్లాలి. ముక్కలు కలపడానికి మామూలు పీవీసీ కప్లర్లు.
5. సెంటీమీటరుకొక గీత చొప్పున పైపు బయట చెరగని ఇంకుతో స్కేలు.

కటర్ నోరు పైపు కంటే ఆ కాస్త చిన్నగా ఉండటం ముఖ్యం. కోసిన మంచు పైపు గోడకు ఒరుసుకోకుండా పైకి జారాలి. రెండూ ఒకే వ్యాసమైతే మంచు గోడకు పట్టేసి, కింది మంచును పక్కకు నెట్టేస్తుంది.

కటర్‌ను ఆటోనగర్‌లో లేత్ మీద తీయించాం. మొదటిది మామూలు ఇనుము. పళ్లు ఎనిమిది.

ఖర్చు: పైపు, కప్లర్లు, మూతలు 540, కటర్ 600, సూట్‌కేసులు తూచే వేలాడే కాటా 380.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 1,520

దశ 2: ఫిషింగ్ హార్బర్ ఐసుతో పరీక్ష

విశాఖలో మంచు లేదు. కానీ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే ఐసు దిమ్మలను మిషనులో వేసి పొడి చేసి బోట్లకు ఎక్కిస్తారు. ఆ ఐసు పొడి జనవరి మంచులా ఉండదు. మే నెల చివరి మంచుకు మాత్రం బాగా దగ్గర: ముతక గింజలు, గింజల మధ్య తడి, బరువు ఎక్కువ. మాకు కావలసింది అదే.

60 × 40 సెం.మీ. చేపల థర్మాకోల్ పెట్టెలో 35 సెం.మీ. ఎత్తున ఐసు పొడి నింపి, హార్బర్‌లో చేపలు తూచే పెద్ద కాటా మీద పెట్టాం. పెట్టె బరువు పోగా 46.2 కిలోలు. అంటే ఆ పెట్టెలో ఉన్నది 192.5 మి.మీ. నీరు, సాంద్రత (నీటి లోతును ఐసు ఎత్తుతో భాగిస్తే వచ్చేది) 0.55. గొట్టం సరిగా పనిచేస్తే ఒక్కో కోతకు 770 గ్రాములు రావాలి.

మొదట వచ్చినవి 640 నుంచి 700 గ్రాములు. అంటే 160 నుంచి 175 మి.మీ. తొమ్మిది నుంచి పదిహేడు శాతం తక్కువ. కారణం కంటికే కనిపించింది: గొట్టం పైకి తీస్తుంటే అడుగున ఉన్న ఐసు జారి పెట్టెలోనే పడిపోతోంది. కొండమీదైతే కింద మట్టి, గడ్డి వేర్లు బిరడాలా పట్టుకుంటాయి. నిజమైన మంచు కోతలో అడుగున కాస్త మట్టి కనిపిస్తేనే నేల దాకా వెళ్లినట్టు లెక్క. ఆ మట్టిని గీకేసి తూచాలి. పెట్టెలో మట్టి లేదు కాబట్టి గొట్టం కింద పల్చని రేకు దూర్చి ఎత్తడం మొదలుపెట్టాం.

రేకు పెట్టాక అంకెలు అటు వైపు తిరిగాయి: 815 నుంచి 830 గ్రాములు. ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది శాతం ఎక్కువ. ఫెడరల్ శాంప్లర్ కూడా 10 శాతం దాకా ఎక్కువ చూపిస్తుందని పాత పరీక్షల్లో తేలింది కాబట్టి ఆశ్చర్యం లేదు. కానీ కారణం తెలియకుండా వదలబుద్ధి కాలేదు. కటర్ పట్టుకెళ్లి లేత్ మేస్త్రికి చూపిస్తే ఆయన వేలితో పళ్ల అంచు తడిమి చెప్పేశాడు: "వాలు లోపలికుంది సార్. దిగినప్పుడల్లా పక్కనున్న ఐసును లోపలికి తోసుకొస్తాది. వాలు బయటికి తీస్తే ఎక్కువైంది బయటికే పోద్ది."

అప్పటికే మొదటి కటర్‌కు హార్బర్ ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టింది. తుప్పు గరుకుకు ఐసు అంటుకుంటుంది. రెండో కటర్ స్టెయిన్‌లెస్ స్టీలుతో, వాలు బయటికి, పళ్లు సన్నగా తీయించాం. దాంతో 780 నుంచి 785 గ్రాములు. రెండు శాతం లోపు తేడా. ఈ పనికి అది చాలు.

పరీక్ష జరుగుతుంటే రోజూ అక్కడ ఐసు కొనే ఒక పెద్దావిడ చెప్పిన మాట మా పద్ధతినే మార్చింది. "పొద్దుటి ఐసు పొడిగుంటాది బాబూ. ఎండెక్కితే నీరట్టుకుంటాది. పెట్టెడు ఐసు అలాగే కనిపిస్తాది గానీ తూకం మారిపోద్ది." పెట్టెను మళ్లీ తూచాం. అడుగు రంధ్రం నుంచి నీరు కారి 46.2 కిలోలు 45.1కి దిగింది. ఎత్తులో తేడా మాత్రం చేతికి అందనంత తక్కువ. వేసవి చివరి మంచు విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. పగటి ఎండకు పైన కరిగిన నీరు గింజల మధ్య కిందికి దిగుతుంది. లోతు పెద్దగా మారకుండానే బరువు మారుతుంది. కాబట్టి కొండమీద కోతలన్నీ ఉదయం ఒకే వేళకు తీయాలని రాసుకున్నాం.

ఈ దశలో మారినవి:

1. వేలాడే కాటా పక్కన పెట్టాం. అది 10 గ్రాముల మెట్టుతో చూపిస్తుంది, గాలికి ఊగితే అంకె నిలవదు. 5 కిలోల కిచెన్ కాటా, 1 గ్రాము మెట్టు, చదునైన పలక మీద పెట్టి వాడాలి.
2. కోతను పల్చని ప్లాస్టిక్ సంచిలోకి దింపి తూచాలి. సంచి బరువు ముందే తీసేయాలి.
3. గొట్టం లోపల కారు పాలిష్ మైనం పూయాలి. పూయనప్పుడు గోడకు 30 గ్రాముల దాకా తడి ఐసు అంటుకుంది. అంటే 7 మి.మీ. పైగా నీరు లెక్కలోకి రాకుండా పోతుంది.

ఖర్చు: కిచెన్ కాటా 520, ఐసు 300, స్టీలు కటర్ 1,400, మైనం 180.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,920

దశ 3: పైనుంచి చూపు

గొట్టం ఒక చోట ఎంత నీరుందో చెబుతుంది. మంచు ఎక్కడి దాకా ఉందో ఉపగ్రహం చెబుతుంది. మేం చూసిన ప్రాంతం కుల్లూ వైపు హంప్తా లోయ, 4,270 మీటర్ల ఎత్తున్న హంప్తా పాస్ (కనుమ), అవతల లాహౌల్‌లో చత్రూ, చంద్రతాల్.

యూరప్ వారి సెంటినెల్-2 చిత్రాలు ఎవరికైనా ఉచితం. రెండు ఉపగ్రహాలు కలిసి ఒకే చోటికి ఐదు రోజులకోసారి వస్తాయి. ఒక్కో రకం కాంతిని విడిగా కొలిచిన పొరను బ్యాండ్ అంటారు. మంచును గుర్తించే లెక్క చిన్నది. మంచు ఆకుపచ్చ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మింగేస్తుంది. మామూలు మేఘం రెండింటినీ వెనక్కి కొడుతుంది. అందుకే మనకు రెండూ తెల్లగా కనిపించినా ఈ లెక్కలో విడిపోతాయి.

1. బ్యాండ్ 3 (ఆకుపచ్చ) నుంచి బ్యాండ్ 11 (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) తీసేయాలి.
2. ఆ తేడాను రెండింటి మొత్తంతో భాగించాలి.
3. ఫలితం 0.4 దాటితే మంచు అనుకోవాలి.

మూడో మెట్టు దగ్గరే ఇబ్బంది వచ్చింది. చుట్టూ మంచు కరిగిన తేదీల్లో కూడా చంద్రతాల్ సరస్సు మొత్తం మంచుగా వచ్చింది. లోతైన తేట నీరు కూడా ఆకుపచ్చ కాంతిని కొంచెం వెనక్కి పంపి, ఇన్‌ఫ్రారెడ్‌ను పూర్తిగా మింగుతుంది. అందుకే లెక్క మంచుదే అనిపిస్తుంది. నీరు దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగా ఉంటుంది, మంచు ఉండదు. కాబట్టి నాలుగో మెట్టు కలిపాం: బ్యాండ్ 8 (దగ్గరి ఇన్‌ఫ్రారెడ్) విలువ 0.11 కంటే ఎక్కువైతేనే మంచు. సరస్సు లెక్కలోంచి పోయింది. నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరంతో చేసే మంచు పటాల్లో నీటిని వేరు చేయడానికి వాడిన షరతు కూడా ఇలాంటిదే.

ఇంకో చిక్కు పల్చని ఎత్తు మేఘాలు. వాటిలో ఉండేది మంచు స్ఫటికాలే కాబట్టి అవి కూడా ఇన్‌ఫ్రారెడ్‌ను మింగి మంచులా నటిస్తాయి. ఒక్క చిత్రం చూసి గీత గీయొద్దు. వరుసగా రెండు తేదీల్లోనూ మంచుగా వచ్చిన చోటునే లెక్కలోకి తీసుకోవాలి. మబ్బు వల్ల సెంటినెల్ దొరకని రోజుల్లో మోడిస్ రోజువారీ పటం ఉంది. దాని ఒక్కో గడి 500 మీటర్లు. లోయ మొత్తానికి సరిపోతుంది, ఒక వాలుకు సరిపోదు.

మంచు అంచును ఎత్తు గీతలతో పోల్చితే, ఉత్తరం వైపు చూసే వాలు మీద కంటే దక్షిణం వైపు చూసే వాలు మీద అంచు 300 నుంచి 400 మీటర్లు పైన ఉంది. ఎండ తగిలే తీరులో తేడా అంతే. "మంచు 3,800 మీటర్ల పైన మొదలవుతుంది" అని ఎవరైనా ఒకే అంకె చెబితే, ఏ వైపు వాలు అని అడగాలి.

ఉపగ్రహం చూపని దాన్ని కూడా ఇక్కడే రాయాలి. ఐదు సెంటీమీటర్ల మంచూ, ఒకటిన్నర మీటరు మంచూ పైనుంచి ఒకే తెలుపు.

ఈ మంచుకూ మన వానకూ ముడి ఉందని మొదట గట్టిగా చెప్పింది భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. 1875లో శాఖ ఏర్పడింది. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడాది మన దేశంలో వాన తగ్గుతుందని ఆయన 1884లో రాశాడు. 1886 జూన్ 4న వెలువడిన తొలి రుతుపవన ముందస్తు అంచనాకు ఆ ఆలోచనే ఆధారం. ఈనాటి అంచనాలు చాలా దూరం వచ్చేశాయి, మా గొట్టం ఆ పని చేయదు. కానీ జూన్ మొదట్లో బీచ్ రోడ్డులో నిలబడి మబ్బు కోసం చూసేవాళ్లకు ఆ కొండల మంచు పరాయిది కాదని ఆ చరిత్ర చదివితే తెలుస్తుంది.

ఖర్చు: ఏమీ లేదు.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,920

దశ 4: ఫోర్‌కాస్టు చదవడం

ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది. ఫోన్‌లో యాప్ "రేపు 12 మి.మీ." అంటుంది. కొండమీద ఆ అంకె ఒక్కటే దేనికీ పనికిరాదు. దాని వెనక నాలుగు సంగతులు చూడాలి.

ఏ రోజు? వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు చాలావరకు రోజును గ్రీనిచ్ కాలంతో మొదలుపెడతాయి. అంటే మన ఉదయం 5:30. మన వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. తెల్లవారుజామున 6 నుంచి 8 మధ్య కురిసిన వాన ఒక లెక్కలో ఇవాళ, ఇంకో లెక్కలో నిన్న. మా పుస్తకంలో మొదట్లో ఫోర్‌కాస్టు తప్పినట్టు కనిపించిన రోజులు కొన్ని ఇలా తేదీ మార్చగానే సరిపోయాయి. ఇప్పుడు అన్నీ 8:30 లెక్కకు మార్చి రాస్తున్నాం.

ఏ చోటు? అమెరికా వారి జీఎఫ్‌ఎస్ మోడల్ సమాచారం దొరికే గడి (నేలను చతురాలుగా విడదీస్తే ఒక్కో ముక్క) సుమారు 25 కిలోమీటర్లది. యూరప్ కేంద్రం ప్రధాన మోడల్‌ది 9 కిలోమీటర్లు. హంప్తా పాస్‌కు ఇటు కుల్లూ వైపు దేవదారు అడవులు, పచ్చిక; అటు లాహౌల్ వైపు వాననీడలోని ఎండు కొండలు. పెద్ద గడిలో ఈ రెండూ కలిసిపోయి ఒకే అంకె వస్తుంది. విశాఖలో కూడా అంతే. ఒకే గడిలో సముద్రం, కైలాసగిరి, సింహాచలం కొండ ఉంటాయి. మే సాయంత్రాల ఉరుముల వాన సింహాచలంలో దంచి కొట్టి ఎంవీపీ కాలనీలో చినుకు కూడా రాల్చకపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

ఏ ఎత్తు? మోడల్ తన గడిలోని శిఖరాలనూ లోయలనూ సగటు చేసి ఒకే ఎత్తుగా అనుకుంటుంది. ఆ ఎత్తు 3,700 మీటర్లు అనుకోండి. పాస్ 4,270. తేడా 570 మీటర్లు. వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున పాస్ దగ్గర 3.7 డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉంటుంది. మోడల్ 2 డిగ్రీలు అని వాన చూపిస్తే పైన పడేది మంచే. ఎత్తు మనమే ఇచ్చే వీలున్న ఓపెన్-మీటియో లాంటి ఫోర్‌కాస్టు సైట్లలో పాస్ ఎత్తును విడిగా ఇవ్వాలి.

వానా, మంచా? వసంతం చివర్లో అన్నిటికంటే ముందు చూడాల్సిన గీత సున్నా డిగ్రీల ఎత్తు. మంచు రేకులు ఆ గీత దాటిన వెంటనే కరగవు. సాధారణంగా 200 నుంచి 300 మీటర్లు కిందిదాకా మంచుగానే పడతాయి. సున్నా గీత 4,000 మీటర్లయితే 3,700 దాకా తెల్లబడొచ్చు. ఆ గీత రోజుకూ రోజుకూ వందల మీటర్లు కదులుతుంది. అదే 12 మి.మీ. ఒక రోజు శిబిరాన్ని తడిపేస్తుంది, ఇంకో రోజు తెల్లబరుస్తుంది.

యాప్‌లు మంచును సెంటీమీటర్లలో చూపించే పద్ధతి కూడా తెలుసుకోవాలి. ఓపెన్-మీటియోలో 10 మి.మీ. నీరంటే 7 సెం.మీ. మంచు. ఆ నిష్పత్తి చలికాలపు తేలిక మంచుకు ఫరవాలేదు. మే నెల తడి మంచు దానికంటే బరువు. అదే నీటికి లోతు తక్కువ వస్తుంది. మేం సెంటీమీటర్ల వరుసను కొట్టేసి నీటి వరుసనే రాసుకుంటాం.

ఫోర్‌కాస్టును పోల్చడానికి కొలత కావాలి. మా గొట్టమే ఇక్కడా పనికొచ్చింది. 60 సెం.మీ. ముక్కకు కింద మూత వేసి, కటర్‌ను పైకి తిప్పి నిలబెడితే 40 చదరపు సెంటీమీటర్ల నోరున్న వర్షమాపకం. 4 గ్రాములకు 1 మి.మీ. అనే లెక్క అలాగే పనిచేస్తుంది. డాబా మీద 200 చదరపు సెంటీమీటర్ల నోరున్న మామూలు వర్షమాపకం పక్కన పెట్టి చూశాం. పెద్ద వానకు తేడా తక్కువ. గాలివానకు మా గొట్టం వెనకబడింది, ఎందుకంటే మామూలు మాపకం అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో ఉంటే మాది దానికి రెట్టింపు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పెరుగుతుంది, గాలికి చినుకు నోటి మీదుగా దాటిపోతుంది. మంచు రేకులకైతే ఈ నష్టం ఇంకా ఎక్కువ. అందుకని గొట్టాన్ని సగం దాకా నేలలో పాతాలి, మంచు పడే చోట దీన్ని నమ్మకుండా పలక మీద కొలవాలి.

పుస్తకంలో ప్రతి తేదీకి మూడు గడులు: ఐదు రోజుల ముందు చెప్పింది, మూడు రోజుల ముందు చెప్పింది, ముందు రోజు చెప్పింది. నాలుగో గడి కొలిచింది. ఐదు రోజుల ముందు వచ్చే మిల్లీమీటర్లను పట్టుకుని ప్రయాణం మార్చుకోవడం మానేశాం. అంత ముందు చూడాల్సింది పశ్చిమ అలజడి (పడమటి నుంచి వచ్చే వాన, మంచు వ్యవస్థ) ఏదైనా వస్తోందా లేదా అన్నంత వరకే. హిమాచల్‌కు చలికాలపు మంచు తెచ్చేవీ, ఏప్రిల్-మే నెలల్లో ఆలస్యంగా వచ్చి దారులు మూసేవీ అవే.

ఖర్చు: పాతడానికి మేకులు, స్టాండు 150.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 4,070

దశ 5: హంప్తా లోయలో

బయల్దేరే ముందు థర్మామీటర్లను ఐసు పొడి, నీళ్లు కలిపిన గిన్నెలో ముంచి సున్నా చూశాం. ఒకటి 0.6 ఎక్కువ చూపించింది. దాని మీద ఆ సవరణ రాసి అంటించాం. కాటాలో మామూలు సెల్స్ చలికి నీరసిస్తాయి కాబట్టి లిథియం సెల్స్ వేశాం.

కొలత చోటు: బాలూ కా ఘేరా శిబిరం దాటాక ఉత్తరం వైపు చూసే మెత్తని వాలు. వాగు పక్కనే ఉన్న ఎత్తైన మంచు గుట్టలను వదిలేశాం. అవి పై వాలుల నుంచి జారిపడి పోగైనవి. అక్కడ తూచిన అంకె లోయకు వర్తించదు.

మొదటి కోతలోనే కప్లర్ మొరాయించింది. కటర్ పైపు మందానికే బొక్క చేస్తుంది. కప్లర్ పైపు కంటే లావు. 60 సెం.మీ. దిగేసరికి కప్లర్ మంచు అంచుకు తగిలి ఆగిపోయింది. దాని కిందే పాత కరుగు నీరు గడ్డకట్టిన ఐసు పొర కూడా ఉంది. హార్బర్ పెట్టె లోతు 35 సెం.మీ. కాబట్టి అక్కడ ఈ సమస్య బయటపడే వీలే లేదు. బలవంతంగా తిప్పితే పీవీసీ పగులుతుంది.

అక్కడికక్కడ మార్చిన పద్ధతి:

1. పారతో నేల దాకా గుంట తవ్వాలి. నీడ పడే వైపు గోడను నిటారుగా చెక్కాలి.
2. గోడ అంచు దగ్గర పైనుంచి ఒక్క ముక్క గొట్టం 50 సెం.మీ. దింపాలి.
3. గుంటలోంచి గొట్టం కింద రేకు దూర్చి, తీసి, తూచాలి.
4. రేకు మట్టం దాకా మంచు చదును చేసి, అక్కడి నుంచి మళ్లీ దింపాలి. నేల తగిలేదాకా.

వచ్చిన అంకెలు:

మొదటి గుంట: లోతు 112 సెం.మీ., బరువు 2,160 గ్రాములు, నీరు 540 మి.మీ., సాంద్రత 0.48.
రెండోది: లోతు 97, బరువు 1,890, నీరు 472, సాంద్రత 0.49.
మూడోది: లోతు 129, బరువు 2,480, నీరు 620, సాంద్రత 0.48.

లోతు 97 నుంచి 129 దాకా మారినా సాంద్రత దాదాపు కదల్లేదు. పని తగ్గించుకునే దారి ఇదే. గుంటలు తవ్వడానికి నడుం విరుగుతుంది, కడ్డీ గుచ్చడానికి నిమిషం చాలు. సాంద్రతకు రెండు మూడు గుంటలు చాలు, లోతుకు మాత్రం వాలు పొడవునా పది మీటర్లకొకటి చొప్పున కడ్డీ గుచ్చాలి. అలా గుచ్చితే సగటు లోతు 110 సెం.మీ. వచ్చింది. 0.48తో గుణిస్తే 528 మి.మీ. నీరు. విశాఖలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి దగ్గర, ఆ ఒక్క వాలు మీద గడ్డకట్టి ఉంది.

ఉష్ణోగ్రత: పైన పది సెంటీమీటర్లు వదిలేస్తే నేల దాకా అంతా సున్నా. మంచు పక్వానికి వచ్చిందనడానికి గుర్తు ఇది. చలికాలంలో మంచు లోపల మైనస్‌లో ఉంటుంది, పైన కరిగిన నీరు దిగుతూ లోపల మళ్లీ గడ్డకడుతుంది. లోపలంతా సున్నాకు చేరాక ఆ అడ్డు ఉండదు. ఆ తర్వాత పైన కరిగిన ప్రతి మిల్లీమీటరూ వాగులోకే.

ఎంత వేగంగా? రోజు సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే ఎన్ని డిగ్రీలు పైనుంటే, డిగ్రీకి 3 నుంచి 6 మి.మీ. చొప్పున మంచు కరుగుతుందని సాధారణ లెక్క. సగటు 6 డిగ్రీలనుకుంటే రోజుకు 18 నుంచి 36 మి.మీ. 528 మి.మీ. అయిపోవడానికి సుమారు 15 నుంచి 29 రోజులు. జూన్ చివర్లో వెళ్లే బృందానికి ఆ వాలు మీద క్రాంపాన్లు (బూట్లకు కట్టే ఇనుప పళ్లు) మోయాల్సిన పని ఉండకపోవచ్చు. అదే సమయంలో మధ్యాహ్నం వాగు దాటడం మాత్రం కష్టమవుతుంది.

శిబిరంలో ఒక రాత్రికి ముందు రోజు ఫోర్‌కాస్టు 12 మి.మీ., సున్నా గీత 3,900 మీటర్లు. సాయంత్రం వానగా మొదలై రాత్రి మంచుగా మారింది. ఉదయం తెల్ల ప్లైవుడ్ పలక మీద 4 సెం.మీ. కొత్త మంచు. గొట్టం నొక్కి తీస్తే 36 గ్రాములు: 9 మి.మీ. నీరు, సాంద్రత 0.22. యాప్ లెక్కన 12 మి.మీ.కి 8 సెం.మీ. దాటి ఉండాలి. వానగా పడింది పలక మీద నిలవలేదు, మిగిలింది బరువైన తడి మంచు. 10 గ్రాముల మెట్టున్న పాత కాటాతో ఈ 36 గ్రాములు తేలేవి కావు.

ఆ 9 మి.మీ. ఒక రోజు కరిగే దాంట్లో సగానికి మించదు. వసంతం చివరి తుపాను మంచు నిల్వను మళ్లీ నింపుతుందనుకోవద్దు. కానీ కొత్త మంచు తనమీద పడిన ఎండలో 80 శాతం పైగా వెనక్కి పంపుతుంది. దుమ్ము పట్టిన పాత తడి మంచు సగం వరకే పంపుతుంది. అందుకే పల్చని కొత్త పొర ఉన్నంతసేపు కింది మంచు కరగడం నెమ్మదిస్తుంది.

వాన పడితే మంచంతా కొట్టుకుపోతుందన్న మాట శిబిరంలో చాలాసార్లు వినిపించింది. లెక్క వేస్తే వేరుగా వచ్చింది. 8 డిగ్రీల వాన 10 మి.మీ. పడితే, ఆ నీటి వెచ్చదనం కరిగించే మంచు 1 మి.మీ. మాత్రమే. అసలు కరిగించేది వానతో వచ్చే తడిగాలి. గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడికి 1 మి.మీ. ఆవిరి సుమారు 7.5 మి.మీ. మంచును కరిగిస్తుంది. మే నెల ఉక్కపోత తెలిసిన మనకు తడిగాలి ఎంత వేడిని మోస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఫోర్‌కాస్టులో వాన వరుసతో పాటు గాలిలో తేమ, గాలి వేగం వరుసలు కూడా రాయాలి. ఆ రెండు వరుసలూ ఇక్కడి నుంచే కలిశాయి.

ఖర్చు: థర్మామీటర్లు 650, లిథియం సెల్స్ 420, మడత కొలకర్ర 110.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 5,250

దశ 6: తిరిగొచ్చాక మార్పులు

1. కప్లర్లు, మిగతా రెండు పైపు ముక్కలు తీసేశాం. గొట్టం ఇప్పుడు ఒకే 60 సెం.మీ. ముక్క. మోత సగానికి పైగా తగ్గింది.
2. కింద దూర్చే రేకు వంగిపోయింది. దాని బదులు ఒక అంచు పదును పెట్టిన స్టీలు పలక, చేతి పిడితో. రూ. 250.
3. కటర్‌కు ఎదురెదురుగా రెండు రంధ్రాలు. కడ్డీ దూర్చి తిప్పితే ఐసు పొర తెగుతుంది. లేత్ మేస్త్రి డబ్బు తీసుకోలేదు.
4. పుస్తకంలో ప్రతి కోతకు వేళ రాసే గడి. ఉదయం 8 లోపు తీసినవి మాత్రమే ఒకదాంతో ఒకటి పోల్చాలి.

మొత్తం: రూ. 5,500

మళ్లీ హార్బర్ ఐసుతో పరీక్షించాం. ఈసారి రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పై పెట్టె అడుగు కోసేసి 70 సెం.మీ. లోతు చేశాం. రెండు మెట్లుగా కోసి కలిపితే తూకం అసలు కంటే 2.5 శాతం ఎక్కువ వచ్చింది. రేకు మట్టం దగ్గర రెండో కోతలోకి కొంచెం పొడి అదనంగా పడటమే కారణం. రెండో మెట్టుకు ముందు ఆ పొడిని కుంచెతో తుడిస్తే 2 లోపుకు దిగింది. కుంచె గొట్టంతో పాటే సంచిలో ఉండాలి.

చేసుకునేవాళ్లు పైపు కొనేటప్పుడు వెర్నియర్ దుకాణానికే తీసుకెళ్లండి. 75 మి.మీ. అని రాసి ఉన్నా గోడ మందాన్ని బట్టి లోపలి వ్యాసం మారుతుంది. పైపు కొలిచాకే కటర్ తీయించాలి. కటర్ నోరు 71.4 మి.మీ. రాకపోతే 4 గ్రాముల లెక్క వర్తించదు. అప్పుడు వచ్చిన వ్యాసంతో వైశాల్యం కట్టి, దాన్ని పదితో భాగించి, 1 మి.మీ.కి ఎన్ని గ్రాములో గొట్టం మీదే రాసుకోండి.